నిప్పు లేనిదే పొగ రాదు: సీఆర్పీ అనే రక్తపరీక్ష వెనక కథ

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక ల్యాబ్ రిపోర్ట్‌తో మొదలుపెడతాను.

పోయినేడాది మా నాన్న ఏదో ఆఫర్ వచ్చిందని ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ బుక్ చేశారు. పొద్దున్నే ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లారు. రాత్రి తొమ్మిదింటికి రిపోర్ట్ పీడీఎఫ్ మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో పడింది. అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క లైను మాత్రం ఎర్రగా ఉంది. హెచ్ఎస్ సీఆర్పీ 11.4, పక్కన 'హై రిస్క్' అని. అమ్మ ఆ రాత్రి నిద్రపోలేదు.

అంత భయం ఎందుకంటే, దానికి నాలుగేళ్ల ముందు మా బాబాయికి గుండెపోటు వచ్చింది. 46 ఏళ్లు. షాపు షట్టర్ దించుతూ అక్కడే కూలబడ్డాడు. టైముకి ఆసుపత్రికి చేర్చారు కాబట్టి బతికాడు. మా ఇంట్లో వాళ్లకి ఇప్పటికీ అర్థం కాని విషయం ఒకటుంది. అంతకు రెండు నెలల ముందే ఆయన టెస్టులు చేయించుకున్నాడు. కొలెస్ట్రాల్ నార్మల్. షుగర్ నార్మల్. "మరి ఎందుకొచ్చింది రా?" అని మా నానమ్మ అడుగుతూనే ఉంటుంది.

అంటే మా ఇంట్లో ఒక రిపోర్ట్ ఏమీ లేదని చెప్పింది, కానీ ప్రమాదం వచ్చింది. ఇంకో రిపోర్ట్ ప్రమాదం అంది. దాన్ని ఎంత నమ్మాలి? దీనికి జవాబు కోసం నేను చదవడం మొదలుపెడితే అది నన్ను దాదాపు 170 ఏళ్లు వెనక్కి తీసుకెళ్లింది. ఆ కథే ఇది.

బెర్లిన్ డాక్టర్ చెప్పిన మాట

ముందు ఒక పదం. ఇన్‌ఫ్లమేషన్. కాల్లో ముల్లు గుచ్చుకుంటే ఏమవుతుంది? అక్కడ ఎర్రబడుతుంది, వాస్తుంది, వేడెక్కుతుంది, నొప్పెడుతుంది. ఈ నాలుగు లక్షణాల్నీ ఒకటో శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్ రాసిపెట్టాడు. అది మన శరీరం చేసే యుద్ధం. శత్రువు మీదికి తెల్లరక్తకణాల్ని పంపిస్తుంది. తెలుగు పుస్తకాల్లో దీన్ని శోథ అంటారు. మనం ఇన్‌ఫ్లమేషన్ అనే అనుకుందాం.

ఇక గుండె రక్తనాళాల్లో పూడిక సంగతి. దీన్నే అథెరోస్క్లెరోసిస్ అంటారు. మనలో చాలామంది బుర్రలో ఉన్న బొమ్మ ఏంటి? నీళ్ల పైపులో తుప్పు పేరుకున్నట్టు రక్తనాళంలో కొవ్వు పేరుకుంటుంది, ఒకరోజు పూర్తిగా మూసుకుపోతుంది, అంతే. ఈ బొమ్మలో నిజం కొంతే.

1850ల్లో జర్మనీలో రుడాల్ఫ్ విర్కో అనే డాక్టర్, చనిపోయినవాళ్ల రక్తనాళాల్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాడు. ఆయనకి అక్కడ పైపూ తుప్పూ కనిపించలేదు. నాళం గోడ లోపలే ఏదో రగులుతున్నట్టు, కణాలు పెరుగుతున్నట్టు కనిపించింది. ఇది ఇన్‌ఫ్లమేషన్ అన్నాడు. అదే కాలంలో వియన్నాలో కార్ల్ రోకిటాన్‌స్కీ అనే ఇంకో పెద్ద డాక్టర్ ఒప్పుకోలేదు. రక్తంలోంచి పదార్థం వచ్చి గోడకి అంటుకుంటోంది, అదే అసలు జబ్బు, మీరు చెప్పే మార్పులన్నీ ఆ తర్వాత వచ్చేవి అన్నాడు. ఇద్దరూ మహామహులే. ఎవరి మాట నిజమో తేల్చడానికి బతికున్న మనిషి రక్తనాళం గోడలోకి తొంగిచూసే దారి అప్పట్లో లేదు.

తర్వాత 1913లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నికొలాయ్ అనిచ్‌కోవ్ ఒక పని చేశాడు. కొలెస్ట్రాల్‌ని పొద్దుతిరుగుడు నూనెలో కలిపి కుందేళ్లకి పెట్టాడు. వాటి రక్తనాళాల్లో పూడికలు వచ్చాయి! ఇది తిరుగులేని ప్రయోగం. 1948లో అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో 5,209 మందిని తీసుకుని ఏళ్ల తరబడి గమనించడం మొదలుపెట్టారు. బీపీ, సిగరెట్, కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లకి గుండెజబ్బు ఎక్కువని తేలింది. కొలెస్ట్రాల్‌ని రక్తంలో కొలవొచ్చు, ఒక అంకె వస్తుంది, ఆ అంకెని తగ్గించొచ్చు. విర్కో చెప్పిన ఇన్‌ఫ్లమేషన్‌కి అంకె లేదు. అందుకే ఆ మాట మెల్లగా వెనక్కి వెళ్లిపోయింది.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. కొలెస్ట్రాల్ సిద్ధాంతం తప్పు అని నేను అనట్లేదు. అది నిజం. ఎల్‌డీఎల్ తగ్గిస్తే గుండెపోట్లు తగ్గుతాయని బోలెడు ట్రయల్స్ నిరూపించాయి. "కొలెస్ట్రాల్ అంతా మోసం" అని ఎవరైనా రీల్ పంపితే ఆ వలలో పడకండి. నేను చెప్పేది కథలో రెండో సగం.

న్యుమోనియా వార్డులో దొరికిన ప్రోటీన్

ఇప్పుడు 1930లో న్యూయార్క్‌కి వెళ్దాం. రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్ ఆసుపత్రి. అప్పటికి పెన్సిలిన్ మందుగా ఇంకా రాలేదు. న్యుమోనియా అంటే చావుకి దగ్గర అని అర్థం. అక్కడ ఆస్వాల్డ్ ఏవరీ ల్యాబ్‌లో న్యుమోనియా సూక్ష్మజీవి మీద పరిశోధన జరుగుతోంది. విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు ఆ సూక్ష్మజీవిలోంచి రకరకాల పదార్థాల్ని వేరుచేశారు. అందులో ఒకదానికి 'సీ' అని పేరు పెట్టారు. దాన్ని రోగుల రక్తపు సీరంతో కలిపి చూశారు.

జబ్బు తీవ్రంగా ఉన్న రోగి సీరం కలిపితే తెల్లగా విరిగి అడుగుకి చేరింది. అదే రోగి కోలుకున్నాక సీరం తెచ్చి కలిపితే ఏమీ జరగలేదు. ఇది వింత. ఎందుకంటే యాంటీబాడీ అయితే కోలుకున్నాక పెరగాలి, ఇదేమో మాయమైపోతోంది. పైగా న్యుమోనియాతో సంబంధం లేని ఇంకొన్ని జబ్బుల్లో కూడా కనిపించింది. అంటే ఇది ఫలానా సూక్ష్మజీవికి జవాబు కాదు, "ఒంట్లో ఎక్కడో నిప్పంటుకుంది" అని చెప్పే గుర్తు. 1941లో ఏవరీ బృందం ఇది ప్రోటీన్ అని తేల్చింది. 'సీ' తో రియాక్ట్ అవుతుంది కాబట్టి సీ రియాక్టివ్ ప్రోటీన్. మన సీఆర్పీ పుట్టింది అక్కడ.

ఇంకో ముచ్చట. జన్యువులు డీఎన్‌ఏలో ఉంటాయని 1944లో మొదటిసారి చూపించిన ముగ్గురు ఏవరీ, మెక్లాయిడ్, మెకార్టీ. ముగ్గురూ సీఆర్పీ మీద పనిచేసినవాళ్లే. దాన్ని 1947లో స్ఫటికాలుగా విడదీసింది మెకార్టీయే.

సీఆర్పీ తయారయ్యేది మన కాలేయంలో. ఒంట్లో ఎక్కడైనా ఇన్‌ఫ్లమేషన్ వస్తే అక్కడి కణాలు ఇంటర్‌ల్యూకిన్ 6 అనే సందేశం పంపుతాయి. అది కాలేయానికి చేరగానే కొన్ని గంటల్లో సీఆర్పీ పెరగడం మొదలవుతుంది. లీటరుకి 1 మిల్లీగ్రాము ఉన్నది కొన్ని వందల మిల్లీగ్రాముల దాకా పోగలదు. 2021లో కోవిడ్ సెకండ్ వేవ్ గుర్తుందా? మన ఊళ్లలో ల్యాబుల ముందు క్యూలు కట్టి సీఆర్పీ, డీ డైమర్ అని అందరం మాట్లాడుకున్నాం కదా. అదే ప్రోటీన్.

గుండెపోటు వచ్చినవాళ్లలో సీఆర్పీ పెరుగుతుందని 1950ల్లోనే చూశారు. గుండె కండరం దెబ్బతింది కాబట్టి పెరిగిందిలే అనుకున్నారు. అది సబబే. కానీ గుండెపోటు *రాకముందు* ఎలా ఉందో ఎవరూ చూడలేదు. అప్పటి టెస్టులకి అంత చిన్న అంకెలు అందేవి కావు. లీటరుకి ఐదో పదో మిల్లీగ్రాములు దాటితేనే తెలిసేది. ఆరోగ్యంగా తిరుగుతున్న మనిషిలో ఒకటికీ మూడుకీ తేడా చెప్పాలంటే ఇంకా సూక్ష్మమైన టెస్టు కావాలి. అదే 'హై సెన్సిటివిటీ', హెచ్ఎస్ సీఆర్పీ. ప్రోటీన్ ఒకటే, కొలిచే త్రాసు వేరు. కూరగాయల కాటాకీ బంగారు కొట్టు తక్కెడకీ ఉన్న తేడా అన్నమాట.

ఫ్రీజర్‌లో దాచిన రక్తం

బెర్లిన్ నుంచి ఒక దారి, న్యూయార్క్ నుంచి ఒక దారి వచ్చాయి కదా. రెండూ కలిసింది బోస్టన్‌లో.

1980ల్లో అక్కడ ఫిజీషియన్స్ హెల్త్ స్టడీ అని ఒకటి జరిగింది. ఆస్పిరిన్ గుండెపోటుని ఆపుతుందా అని చూడటానికి 22,071 మంది మగ డాక్టర్లనే తీసుకున్నారు. వాళ్లలో 14,916 మంది మొదట్లోనే రక్తం ఇచ్చారు. దాన్ని ఫ్రీజర్‌లో పెట్టారు. ఏళ్లు గడిచాయి, కొందరికి గుండెపోటు వచ్చింది, కొందరికి పక్షవాతం వచ్చింది, చాలామందికి ఏమీ రాలేదు.

పాల్ రిడ్కర్ అనే డాక్టర్ బృందం ఆ ఫ్రీజర్ తెరిచింది. జబ్బు వచ్చినవాళ్లు 543 మంది, రానివాళ్లు 543 మంది. ఏళ్ల కిందట, అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఇచ్చిన రక్తంలో సీఆర్పీ కొలిచారు. 1997లో ఫలితం వచ్చింది. సీఆర్పీ అందరికంటే ఎక్కువున్న నాలుగో వంతు మందికి, తక్కువున్న నాలుగో వంతుతో పోలిస్తే గుండెపోటు ముప్పు మూడు రెట్లు, పక్షవాతం ముప్పు రెండు రెట్లు. కొలెస్ట్రాల్, సిగరెట్ లెక్కలు తీసేసినా ఆ తేడా నిలబడింది. ఇంకా విచిత్రం ఏంటంటే, సీఆర్పీ ఎక్కువున్నవాళ్లలో ఆస్పిరిన్ గుండెపోట్లని సుమారు 56 శాతం తగ్గించింది, తక్కువున్నవాళ్లలో 14 శాతమే.

1999లో సియాటిల్‌లో రసెల్ రాస్ అనే శాస్త్రవేత్త, అథెరోస్క్లెరోసిస్ ఒక ఇన్‌ఫ్లమేషన్ జబ్బు అని టైటిల్‌లోనే చెప్తూ పెద్ద వ్యాసం రాశాడు. ఆయన మొదట చదివింది డెంటిస్ట్ కోర్సు! అదే ఏడాది కన్నుమూశాడు. అప్పటికి కొత్త బొమ్మ తయారైంది. ఎల్‌డీఎల్ కొవ్వు నాళం గోడలోకి దూరుతుంది. దాన్ని మింగడానికి తెల్లకణాలు వెళ్తాయి. మింగి మింగి ఉబ్బి అక్కడే చిక్కుకుంటాయి, సందేశాలు పంపి ఇంకొన్ని కణాల్ని పిలుస్తాయి. పూడిక మీదుండే పొర పలచబడుతుంది. ఒకరోజు అది చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసేస్తుంది. అందుకే నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ షట్టర్ దించుతూ పడిపోతాడు. రోకిటాన్‌స్కీ చెప్పినట్టు రక్తంలోంచే పదార్థం వస్తోంది, విర్కో చెప్పినట్టు గోడలో రగులుతోంది. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది.

పొగా? నిప్పా?

ఇక్కడ అసలు చిక్కు మొదలవుతుంది. సీఆర్పీ ఎక్కువుంటే గుండెపోటు ఎక్కువ, సరే. మరి గుండెని పాడుచేసేది సీఆర్పీయేనా?

2008లో జూపిటర్ అనే ట్రయల్ ఫలితం వచ్చింది. కొలెస్ట్రాల్ ఎక్కువ లేదు, హెచ్ఎస్ సీఆర్పీ మాత్రం 2 కి పైన, అలాంటివాళ్లు 17,802 మంది. సగం మందికి రోసువాస్టాటిన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. గుండెపోటు లాంటి ఘటనలు 44 శాతం తగ్గాయి. ట్రయల్‌ని మధ్యలోనే ఆపేశారు. పేపర్లన్నీ ఊగిపోయాయి. ఈ శాతాల దగ్గర కొంచెం ఆగండి. ఒక్కో గ్రూపులో 8,901 మంది. మాత్ర లేనివాళ్లలో 251 మందికి, ఉన్నవాళ్లలో 142 మందికి ఆ ఘటనలు జరిగాయి. 44 శాతం అంటే అదీ. చిన్నది కాదు, కానీ హెడ్‌లైన్ చదివితే వచ్చే ఊపు వేరు, అంకెలు చూస్తే వచ్చే అవగాహన వేరు.

పైగా ఆ మాత్ర సీఆర్పీనీ తగ్గించింది, ఎల్‌డీఎల్‌నీ సగానికి తగ్గించింది. మేలు దేనివల్ల జరిగిందో ఎలా చెప్తారు? ట్రయల్‌కి డబ్బిచ్చింది ఆ మందు కంపెనీ. సీఆర్పీ వాడకం మీద పేటెంట్లలో రిడ్కర్ పేరుంది. ఆయన ఇవి దాచలేదు, పేపర్లోనే చెప్పాడు. అయినా విమర్శలు గట్టిగానే వచ్చాయి.

జవాబు జన్యువుల దగ్గర దొరికింది. కొందరికి పుట్టుకతోనే సీఆర్పీ కొంచెం ఎక్కువ ఉంటుంది. గుండెని పాడుచేసేది సీఆర్పీయే అయితే వీళ్లకి గుండెజబ్బు ఎక్కువ రావాలి. 2008లో డెన్మార్క్ పరిశోధకులు, 2011లో ఇంకా పెద్ద బృందం లెక్కలు తీశారు. ఎక్కువ రాలేదు. కానీ దానికి పైమెట్టులో ఉన్న ఇంటర్‌ల్యూకిన్ 6 సందేశం పుట్టుకతోనే బలహీనంగా ఉన్నవాళ్లకి గుండెజబ్బు తక్కువని 2012లో తేలింది.

నిప్పు లేనిదే పొగ రాదు అంటాం కదా. సీఆర్పీ పొగ. నిప్పు పైన ఎక్కడో ఉంది. పొగని విసనకర్రతో ఊపితే నిప్పు ఆరదు. అలాగని పొగ కనిపిస్తుంటే పట్టించుకోకుండా పడుకోనూ కూడదు.

నిప్పు మీద నీళ్లు పోస్తే?

మరి నిప్పునే ఆర్పి చూస్తే? 2017లో కాంటోస్ ట్రయల్. అంతకుముందు గుండెపోటు వచ్చి, సీఆర్పీ 2 కి పైనే ఉన్న 10,061 మంది. కనాకినుమాబ్ అనే ఇంజెక్షన్ ఇచ్చారు. అది ఇంటర్‌ల్యూకిన్ 1 బీటా అనే సందేశాన్ని ఆపుతుంది, కొలెస్ట్రాల్‌ని ముట్టుకోదు. 150 మిల్లీగ్రాముల డోసులో గుండెపోటు లాంటి ఘటనలు 15 శాతం తగ్గాయి. విర్కో మాటకి మనుషుల్లో దొరికిన మొదటి గట్టి రుజువు అది. కానీ ఆ మందు తీసుకున్నవాళ్లలో ఇన్‌ఫెక్షన్ మరణాలు పెరిగాయి. మొత్తం మరణాలు తగ్గలేదు. గుండె కోసం వాడటానికి అమెరికాలో అనుమతి రాలేదు. యుద్ధం చేసే సైన్యాన్ని ఇంటికి పంపితే అసలు శత్రువు వచ్చినప్పుడు ఎవరుంటారు?

తర్వాతి మందులో మన తెలుగువాడి చెయ్యి ఉంది. మెథోట్రెక్సేట్. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ లేబొరేటరీస్‌లో నడిపిన పరిశోధనలోంచి వచ్చింది అది. మొదట క్యాన్సర్‌కి, తర్వాత కీళ్లవాతానికి వాడారు. చవక మందు, పాత మందు, గుండెకీ పనిచేస్తే ప్రపంచానికే మేలు. 4,786 మంది మీద పరీక్షించారు. 2018లో ఫలితం వచ్చింది. పనిచేయలేదు. సీఆర్పీ కూడా తగ్గలేదు. నాకు ఇది చదివినప్పుడు మనసు చివుక్కుమంది. కానీ ఆ ఓటమి ఒకటి నేర్పింది. అన్ని నిప్పులూ ఒకటి కావు, కీళ్లలో పనిచేసింది నాళాల్లో పనిచేయాలని లేదు.

మూడోది కొల్చిసిన్. గౌట్ నొప్పికి వందల ఏళ్లుగా వాడుతున్న మొక్కమందు. మన అడవినాభి దుంపలో కూడా ఉండేది అదే. 2019లో ఒక ట్రయల్‌లో 23 శాతం, 2020లో ఇంకోదాంట్లో 31 శాతం ఘటనలు తగ్గాయి. 2023లో అమెరికా అనుమతిచ్చింది. హమ్మయ్య అనుకునేలోపు 2024లో 7,062 మంది గుండెపోటు రోగుల మీద చేసిన పెద్ద ట్రయల్‌లో ఏ లాభమూ కనిపించలేదు. సీఆర్పీ తగ్గింది, ఘటనలు తగ్గలేదు. ఇదింకా తేలని కేసు. దయచేసి ఎవరూ సొంతంగా కొల్చిసిన్ కొనుక్కుని వేసుకోకండి, అడవినాభి తవ్వుకు తెచ్చుకోకండి. డోసు కొంచెం ఎక్కువైతే ప్రాణం తీసే విషం అది.

మా ఇంటి రెండు రిపోర్టులు

ఇప్పుడు మా నాన్న 11.4 సంగతి. 2003లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్, సీడీసీ కలిసి ఒక లెక్క చెప్పాయి. హెచ్ఎస్ సీఆర్పీ 1 లోపు అయితే తక్కువ ముప్పు, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. కానీ 10 దాటితే? ముందు ఇన్‌ఫెక్షన్ ఉందేమో వెతకండి, తగ్గాక మళ్లీ పరీక్ష చేయండి అని. ఆ ముక్క మా రిపోర్ట్‌లో లేదు. మా నాన్నకి ఆ వారం పన్ను వాచి చీము పట్టింది! డాక్టర్ గారు రెండు నిమిషాల్లో అడిగి తెలుసుకున్నారు. పన్ను పీకించుకున్న నెల తర్వాత మళ్లీ చేయిస్తే 1.6. వాపు చూసి బలుపు అనుకోకూడదంటారు, మేం వాపు చూసి గుండెపోటు అనుకున్నాం.

మరి బాబాయి? ఆయనకి ఆ రోజుల్లో సీఆర్పీ ఎంతుండేదో మాకు తెలీదు, ఎవరూ చేయించలేదు. కానీ రోజుకి రెండు పెట్టెల సిగరెట్లు, పాతికేళ్లు. సిగరెట్ రక్తనాళాల్లో ఇన్‌ఫ్లమేషన్ పెంచుతుంది. పొట్ట చుట్టూ కొవ్వూ అంతే. నానమ్మ "ఎందుకొచ్చింది" అని అడిగినప్పుడల్లా మేమంతా కొలెస్ట్రాల్ కాగితం వైపే చూశాం. ఆయన చేతిలో సిగరెట్ వైపు చూడలేదు. దానికి ల్యాబ్ అక్కర్లేదు కదా.

2024లో రిడ్కర్ బృందం ఇంకో లెక్క బయటపెట్టింది. 27,939 మంది ఆడవాళ్ల రక్తం ఒక్కసారి తీసి, 30 ఏళ్లు గమనించారు. ఎల్‌డీఎల్, లైపోప్రోటీన్ ఏ, హెచ్ఎస్ సీఆర్పీ, మూడూ విడివిడిగా ముప్పుని ముందే చూపించాయి. ఒకటి బాగుంటే ఇంకోటి బాగుంటుందని లేదు. అందుకే మీ ఇంట్లో ఎవరికైనా టెస్ట్ చేయిస్తే మూడు పనులు చేయండి. జ్వరం, జలుబు, పన్ను నొప్పి ఉన్నప్పుడు హెచ్ఎస్ సీఆర్పీ చేయించకండి. ఎక్కువొస్తే ఒక్కసారికే బెదిరిపోకుండా రెండు మూడు వారాలాగి మళ్లీ చేయించండి. ఆ కాగితాన్ని గ్రూప్‌లో కాకుండా డాక్టర్ ముందు పెట్టండి. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, సిగరెట్, ఇంట్లో ఎవరికి గుండెజబ్బు ఉందో, అన్నీ కలిపి చూస్తేనే ఆ అంకెకి అర్థం.

బాబాయి ఇప్పుడు సిగరెట్ మానేశాడు. సాయంత్రం షట్టర్ మాత్రం కుర్రాడే దించుతాడు, పిన్ని ఆయన్ని ముట్టుకోనివ్వదు. ఈ ఎపిసోడ్ రికార్డ్ చేసే ముందు ఆయనకి ఫోన్ చేసి, "నీ కథ చెప్పనా?" అని అడిగాను. "చెప్పరా, నా పేరు మాత్రం చెప్పకు. సిగరెట్ మాట తప్పకుండా చెప్పు" అన్నాడు. చెప్పాను బాబాయ్.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.